తప్పు ఆప్షన్ల చదువు

మే నెలలో మాదాపూర్ అయ్యప్ప సొసైటీ వీధులు రెండు రకాల జనంతో నిండిపోతాయి. ఎంసెట్ రాసేసి ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికి బయల్దేరే పిల్లలు కొందరు. పదో తరగతి మార్కుల కాగితం పట్టుకుని జూనియర్ కాలేజీల మెట్లెక్కే తల్లిదండ్రులు మరికొందరు. ఆ వీధుల నుంచి సైబర్ టవర్స్ ఎంతో దూరం లేదు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ఆ భవనాన్ని ప్రారంభించినప్పటి నుంచి ఈ రెండు చోట్లకూ ఒక ముడి పడింది. ఇక్కడ బిట్లు చేస్తే అక్కడ ఉద్యోగం వస్తుందన్న నమ్మకమే ఆ ముడి. తెలంగాణలో పరీక్ష పేరు 2024 నుంచి ఈఏపీసెట్ అయింది కానీ, 1986లో మొదలైన ఎంసెట్ పేరే ఇప్పటికీ అందరి నోటా ఉంది. ఇక్కడా అదే వాడుతున్నాను.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. అక్క ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. తమ్ముడు రాయదుర్గం దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరు, కొత్తగా వచ్చేవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంటాడు. అతని కూతురు పదో తరగతి పాసైంది. ఎక్కడ చేర్పించాలన్నది ప్రశ్న. నేనెరిగిన లెక్చరర్లూ తల్లిదండ్రులూ అనే మాటలనే ఈ ఇద్దరి నోటా పెట్టాను.

తమ్ముడు: పిల్లని మీ మాదాపూర్ కాలేజీల్లో వెయ్యను అక్కా. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్స్, రోజూ ఒక టెస్టు, వారం వారం ఇంకో టెస్టు. రెండేళ్లలో వేలకొద్దీ బిట్లు. దాన్ని చదువంటే నేను ఒప్పుకోను.

అక్క: హాస్టల్ మీద కోపాన్ని బిట్ల మీద చూపిస్తున్నావురా. రెండూ వేరు. హాస్టల్ సంగతి తర్వాత మాట్లాడదాం. బిట్లు నిన్నేం చేశాయో ముందు చెప్పు.

తమ్ముడు: ఒక లెక్క చెప్తాను విను. ఒకటి రెళ్లు, రెండు మూళ్లు, మూడు నాలుగులు అంటూ కొన్ని పదాల దాకా కూడితే మొత్తం ఎంతని అడిగి, నాలుగు సూత్రాలు ఇచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ రెండో ఏడు చదివే కుర్రాడు పది సెకన్లలో జవాబు పెట్టేశాడు. ఎలాగా? ఒక్క పదమే ఉందనుకుని అన్ని సూత్రాల్లోనూ ఒకటి వేశాడు. 2 రాని సూత్రాలు రెండు ఎగిరిపోయాయి. రెండు పదాలనుకుని మళ్లీ వేశాడు. 8 రానిది ఇంకొకటి పోయింది. మిగిలిందే జవాబు. సరే, అది ఎందుకు నిజమో చెప్పు నాన్నా అన్నాను. అది పరీక్షలో అడగరంకుల్ అన్నాడు.

అక్క: వాడి జవాబు తప్పా?

తమ్ముడు: జవాబు ఒప్పే. ఆ లెక్కలో ఉన్న అందమంతా వాడి చేతికి అందకుండా పోయింది. రెండు మూళ్లు ఆరు. ఆ ఆరునే ఇంకోలా రాయొచ్చు. రెండు, మూడు, నాలుగుల లబ్ధంలోంచి ఒకటి, రెండు, మూడుల లబ్ధం తీసేసి మూడుతో భాగించాలి. ఇరవై నాలుగులోంచి ఆరు పోతే పద్దెనిమిది, దాంట్లో మూడో వంతు ఆరు. ప్రతి పదాన్నీ ఇలా రాస్తే పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చివరిదొక్కటే మిగులుతుంది. నాలుగు పదాలుంటే నాలుగు, ఐదు, ఆరుల లబ్ధం నూట ఇరవై, మూడో వంతు నలభై. విడిగా కూడి చూడు, రెండు, ఆరు, పన్నెండు, ఇరవై. నలభయ్యే. ఇది ఒక్కసారి కళ్లకు కట్టినవాడు ఇలాంటి శ్రేణులు ఇంకెన్ని వచ్చినా భయపడడు. ఆప్షన్లలో సంఖ్యలు వేసి చూసుకున్నవాడికి ఆప్షన్లు లేని రోజున ఏం మిగులుతుంది?

అక్క: బాగా చెప్పావు. క్లాసులో నేనూ అలాగే చెప్తాను. కానీ ఆ కుర్రాడు చేసినదాన్ని తీసిపారెయ్యకు. ఒక సూత్రం చేతికొస్తే చిన్న విలువలు వేసి నిలుస్తుందో లేదో చూడడం తెలివైన పని. మీ ఆఫీసులో టెస్టింగ్ టీమ్ చేసేదేమిటి? వాడు వెరిఫికేషన్ నేర్చుకున్నాడు, నిరూపణ నేర్చుకోలేదు. సగం పని అయింది. మిగతా సగం చేయించాల్సింది ఎవరు? బిట్టా, లెక్చరరా?

తమ్ముడు: లెక్చరరే. కానీ లెక్చరర్‌కి ఆ తీరిక ఎక్కడిది? ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 80 మ్యాథ్స్, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. టైమేమో మూడు గంటలు. ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఆ గడియారం ముందు ఎవరు మాత్రం నిరూపణ చెబుతారు, ఎవరు వింటారు? 2005 దాకా ఐఐటీ పరీక్షలో పిల్లలు సాధన మొత్తం కాగితం మీద రాసేవాళ్లు. 2000లో ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్ వచ్చి చేరినా దాని తర్వాత రాత పరీక్ష మిగిలే ఉండేది. 2006 నుంచి అంతా ఆబ్జెక్టివే. నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ కోచింగ్ చెప్పిన రోజుల్లో ఒక లెక్క మీద గంటసేపు కూర్చోవడం తప్పు కాదు. ఇప్పుడు గంట కూర్చుంటే యాభై బిట్లు పోయినట్టు.

అక్క: రామయ్య గారి దగ్గర చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేదిరా, ఆ మాటా చెప్పు. అక్కడ చేరిన వాళ్లు కొద్దిమంది. ఇవాళ ఒక్క తెలంగాణలోనే ఇంజనీరింగ్ కోసం ఎంసెట్ రాసేవాళ్లు రెండు లక్షలు దాటారు. రెండు లక్షల మంది రాసిన సాధనలు ఎవరు దిద్దుతారు? ఒకే జవాబుకి దిద్దేవాళ్లలో ఒకరు ఏడు మార్కులు వేస్తే ఇంకొకరు నాలుగు వేస్తారు. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లీషులో రెండు వాక్యాలు తప్పు రాసినంత మాత్రాన ఆమెకు రసాయనశాస్త్రం రాదా? బిట్టు పేపర్లో తెలుగు కూడా ఉంటుంది. జేఈఈ మెయిన్‌లో సైతం 2021 నుంచి తెలుగు ఎంచుకోవచ్చు. నాలుగింటిలో ఒకటి ఎంచడానికి దస్తూరీ అక్కర్లేదు, కులం పేరు అక్కర్లేదు, వెనక ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఈ పరీక్షలో నేను గౌరవించేది ముందుగా ఆ సమానత్వాన్నే.

తమ్ముడు: దిద్దేటప్పుడు సమానత్వం ఉందంటే ఒప్పుకుంటాను. దాని ముందరి రెండేళ్లలో ఎక్కడుంది? లక్షలు కట్టగలిగిన వాడికి మెటీరియలూ, గ్రాండ్ టెస్టులూ. ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లకి సెకండ్ హ్యాండ్ బిట్ బ్యాంకు.

అక్క: అది నిజమేరా. అందుకే కష్టపడి చదివిన పేద పిల్లకి ప్రతి బిట్టూ డబ్బే. పదివేల లోపు ర్యాంకు తెచ్చుకున్న బీసీ పిల్లలకు మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ఫీజు పూర్తిగా ప్రభుత్వం కడుతుంది. ర్యాంకు దాటితే మిగతాది ఇంట్లోవాళ్లు వెతుక్కోవాలి. ఆ గీతకి ఈవలా ఆవలా పడటం నాలుగైదు బిట్ల తేడాతో జరుగుతుంది. అలాంటి పిల్లతో బిట్లు చదువు కాదని నేను చెప్పలేను.

తమ్ముడు: అయితే ఆ బిట్లు కొలిచేదేంటో చూద్దాం. ఎంసెట్‌లో తప్పు జవాబుకి మార్కు కోయరు. అర్హత మార్కులు 160లో 25 శాతం, అంటే 40. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టుకుంటూ పోయినా సగటున వచ్చేది సరిగ్గా 40 మార్కులే. ఏమీ చదవని వాడు సగం సార్లు అర్హుడయ్యే పరీక్ష ఇది.

అక్క: అర్హత వేరు, సీటు వేరు. నలభై మార్కులతో సీఎస్‌ఈలో కన్వీనర్ కోటా సీటు ఎవరికీ రాదు. జేఈఈ మెయిన్ లెక్క చూడు. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. గుడ్డిగా పెడితే ప్రశ్నకు సగటున పావు మార్కు మిగులుతుంది. ఒక ఆప్షన్ తప్పని తేల్చగలిగితే మూడింట రెండు వంతుల మార్కు. రెండు తేల్చగలిగితే ఒకటిన్నర. తేల్చడమంటే తెలియడమే కదా! మితులు సరిపోలేదని ఒక ఆప్షన్ కొట్టేసిన పిల్లకి ఫిజిక్స్‌లో కొంత వచ్చినట్టే. సగం తెలిసిన వాడికి సగం మార్కులు దక్కడంలో అన్యాయం నాకు కనిపించదు. పైగా 2020 నుంచి జేఈఈ మెయిన్‌లో ఆప్షన్లు లేని సంఖ్యా జవాబు ప్రశ్నలు కూడా పెట్టారు, ఒక్కో సబ్జెక్టులో ఐదు. నువ్వడిగిన ఆప్షన్లు లేని రోజు ఆ పేపర్లోనే ఉంది.

తమ్ముడు: డెబ్బై ఐదింటిలో పదిహేను. అదైనా నయమే.

అక్క: నువ్వు ఆప్షన్లను శత్రువుల్లా చూస్తున్నావు. మంచి బిట్టు ఎలా తయారవుతుందో తెలుసా? కష్టమంతా మూడు తప్పు ఆప్షన్లు రాయడంలోనే ఉంది. మాదాపూర్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సూ, స్కూటీ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఢీకొన్న క్షణంలో దేని మీద ఎక్కువ బలం పడింది? స్కూటీ మీద, బస్సు మీద, రెండింటి మీదా సమానం, వేగాలు తెలియకుండా చెప్పలేం. ఇవీ ఆప్షన్లు. న్యూటన్ మూడో నియమం నిద్రలో లేపినా అప్పజెప్పే పిల్లలు స్కూటీ మీద ఎక్కువ బలం అని పెడతారు. ఎందుకంటే నుజ్జయింది స్కూటీ కాబట్టి. బలం సమానమే, స్కూటీ ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ, అందుకే ఆ దెబ్బ అని చెబితే ఆ రోజుతో వాళ్లకు రెండో నియమమూ మూడో నియమమూ విడివిడిగా అర్థమవుతాయి. ఇదే మూడో నియమాన్ని నిర్వచించి ఉదాహరణ రాయండని అడిగి చూడు. అందరూ పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. లోపలి తప్పు నమ్మకం అలాగే ఉండిపోతుంది.

తమ్ముడు: ఈ ప్రశ్న ఎక్కడో చూసినట్టుంది.

అక్క: చూసే ఉంటావు. 1992లో అమెరికాలో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు బలం భావన మీద ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. అన్నీ మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలే. పిల్లల నోటి నుంచి వచ్చిన తప్పుడు ఆలోచనలనే తప్పు ఆప్షన్లుగా పెట్టారు. కారూ ట్రక్కూ గుద్దుకునే ప్రశ్న అందులోదే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మాజూర్ తన విద్యార్థులకు అలాంటి పేపరే ఇచ్చి చూసి, పాఠం చెప్పే పద్ధతినే మార్చుకున్నాడు. పెద్ద పెద్ద లెక్కలు చేసేసే పిల్లలకు మూల భావన రాలేదని ఆయనకు తెలిసింది బిట్ల వల్లనేరా.

తమ్ముడు: బాగుంది. అలాంటి బిట్లు మీ మెటీరియల్లో ఎన్నుంటాయి?

అక్క: తక్కువ. ఉన్నమాట చెప్తున్నా, తక్కువే. సూత్రంలో విలువలు వేస్తే జవాబొచ్చే బిట్లే ఎక్కువ. వాటిలో తప్పు ఆప్షన్లు ఊరికే దగ్గర దగ్గర సంఖ్యలు. ఒక సంఖ్యని రెట్టింపు చేసి ఒకటి, సగం చేసి ఒకటి. పిల్ల ఎందుకు తప్పు పెట్టిందో ఆ ఆప్షన్ చూసి లెక్చరర్‌కి తెలియదు. అలాంటి వంద బిట్లు చేసినా పిల్లకి వేగం పెరుగుతుందేమో కానీ లోపలేముందో ఎవరికీ కనిపించదు.

(ఇక్కడ ఒక మాట. అక్క పక్షాన నాకు మొగ్గు ఉంది, కానీ ఆమె వాదమంతా ఈ ఒప్పుకోలు మీదే నిలుస్తుంది. మంచి తప్పు ఆప్షన్ రాయడానికి పిల్లలతో ఏళ్ల తరబడి మాట్లాడిన మాస్టారు కావాలి. మెటీరియల్ అచ్చు వేసేవాళ్లు ఆ మాస్టారికి ఇచ్చే గడువు ఎంతో కాలేజీల్లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు.)

అక్క: ఇంకో సంగతి. టెస్టు అంటే కొలత మాత్రమే అనుకుంటున్నావు. టెస్టు రాయడమే ఒక చదువు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు. వారం తర్వాత చూస్తే, చదవడం తగ్గించి టెస్టు రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. గైడు ముందేసుకుని చదువుతూ కూర్చునే పిల్లకంటే పుస్తకం మూసి తనని తాను అడుక్కునే పిల్ల నయమని అది చెబుతోంది.

తమ్ముడు: ఆ పరిశోధన నాకూ తెలుసక్కా. వాళ్లు ఇచ్చింది బిట్లు కాదు. ఖాళీ కాగితం ఇచ్చి, గుర్తున్నదంతా రాయమన్నారు. ఎదురుగా నాలుగు జవాబులు పెట్టి గుర్తుపట్టమనడం వేరు, ఏమీ లేకుండా లోపల్నుంచి తీయమనడం వేరు. నువ్వు చెప్పిన లాభం ఖాళీ కాగితానిది.

అక్క: పట్టుకున్నావు. నేను దానికే వస్తున్నా. అదే రోడిగర్, మార్ష్ అనే ఆమెతో కలిసి బిట్లనూ పరిశీలించాడు. బిట్లు చేస్తే గుర్తుండటం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు పిల్లలు పెట్టిన తప్పు ఆప్షన్ కూడా కొందరి బుర్రలో నిజంలా ఉండిపోతుంది. జవాబు సరైందో కాదో వెంటనే చెబితే ఆ నష్టం చాలావరకు పోతుందని తర్వాతి పరిశోధనలో తేలింది. నా వాదమంతా దీంట్లో ఉందిరా. బిట్టు చేయడం సగం పని. తప్పు ఎందుకు తప్పో తెలుసుకునే దాకా అది పూర్తి కాదు. ఆదివారం టెస్టు పెట్టి సోమవారం ర్యాంకుల లిస్టు మాత్రమే అంటించే చోట, పిల్లలు తప్పులనే ప్రాక్టీసు చేస్తున్నారు.

తమ్ముడు: చూశావా, నా దగ్గరికే వచ్చావు.

అక్క: నీ దగ్గరికి రాలేదు. బిట్లు వద్దంటున్నావు నువ్వు. బిట్లను సగంలో వదిలెయ్యొద్దంటున్నాను నేను.

తమ్ముడు: మరి నా వైపు నుంచి విను. ఇంటర్వ్యూలో నేనొక ప్రశ్న అడుగుతుంటాను. వాన పడితే రాయదుర్గం జంక్షన్ చెరువవుతుంది కదా. ఒక చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన కురిస్తే ఎన్ని లీటర్ల నీళ్లు? ఏడో తరగతి లెక్క. పది లక్షల చదరపు మీటర్లు, మీటరులో వందో వంతు లోతు, పదివేల ఘనపు మీటర్లు. అంటే కోటి లీటర్లు. మంచి ర్యాంకులు తెచ్చుకుని మంచి కాలేజీల్లో చదివిన వాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. లెక్క రాక కాదు. తర్వాత నేను, ఆ నీళ్లు గంటలో పోవాలంటే కాలువ ఎంత ఉండాలి అంటాను. దానికి నీటి వేగం వాళ్లే అనుకోవాలి, ఎంత భాగం నేలలో ఇంకుతుందో వాళ్లే అనుకోవాలి. డేటా ఇవ్వలేదు సార్ అంటారు. ఇంజనీరు పనిలో డేటా ఎవరిస్తారక్కా? రెండేళ్ల బిట్లు వాళ్లకు నేర్పింది ఏంటంటే, కావలసినదంతా ప్రశ్నలోనే ఉంటుంది, జవాబు నాలుగింటిలోనే ఉంటుంది, నిమిషంలో తేలిపోతుంది. ఈ మూడూ మా పనిలో అబద్ధాలు.

అక్క: మీ కంపెనీ ఆ పిల్లాడిని నీ గది దాకా ఎలా పంపింది? ముందు ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టి. అదీ బిట్లే. వేలమందిని వడపోయాల్సి వచ్చినప్పుడు మీరూ మా పద్ధతే పట్టారు.

తమ్ముడు: పట్టాం. కానీ అక్కడితో ఆపలేదు, తర్వాత మనిషిని కూర్చోబెట్టి మాట్లాడతాం. గచ్చిబౌలిలో మన ట్రిపుల్ ఐటీ కూడా పరిశోధనతో కలిసిన డ్యూయల్ డిగ్రీ కోర్సులకు సొంతంగా పరీక్ష పెట్టుకుంటుంది. ముందు సబ్జెక్టు ప్రశ్నలు, తర్వాత ఆలోచనా శక్తిని చూసే ప్రశ్నలు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. 1998లో మొదలైన ఆ సంస్థ ఇవాళ ఎక్కడుందో చూస్తూనే ఉన్నాం.

అక్క: కొన్ని వందల సీట్లకు అది సాగుతుంది. లక్షల మందికి సాగదు. పైగా ఇంటర్వ్యూ అంటే ఇంగ్లీషు మాట్లాడే ఇంటి పిల్లలకు ముందే సగం మార్కులు.

తమ్ముడు: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ రాతకి చోటు ఉండేది, అదీ తీసేశారు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. దానివల్ల పిల్ల ఒక నిరూపణ మొదటి నుంచి చివరి దాకా రాయాల్సి వచ్చేది, ఎనిమిది మార్కుల ఫిజిక్స్ ప్రశ్నకు బొమ్మ గీసి వివరించాల్సి వచ్చేది. 2023లో మన రాష్ట్రంలో ఆ వెయిటేజీని పూర్తిగా ఎత్తేశారు. అప్పటి నుంచి ఇంటర్ పరీక్షకు ప్రాణం పోయింది. ఇక ల్యాబ్ సంగతి నువ్వే చెప్పు.

అక్క: ల్యాబ్ సంగతి చెప్పాలంటే నాకు బాధేస్తుంది. ముప్పై మార్కుల ప్రాక్టికల్స్‌కి పరీక్షకు ముందు నాలుగు రోజులు ల్యాబ్ తెరిచే చోట్లు ఉన్నాయి. వెర్నియర్ కాలిపర్స్ మీద యాభై బిట్లు చేసిన పిల్ల వెర్నియర్‌ని చేత్తో పట్టుకుని ఉండదు. శూన్యాంశ దోషం ధనాత్మకమా రుణాత్మకమా అని ఆప్షన్లలో గుర్తుపడుతుంది, పరికరం చేతికిస్తే ఎటువైపు చూడాలో తెలియదు. ఇది నేను సమర్థించను. వెయిటేజీ విషయంలోనూ నీ మాటే నా మాట. తిరిగి పెట్టాలి.

తమ్ముడు: ఇక హాస్టల్ సంగతి.

అక్క: చెప్పు.

తమ్ముడు: వారం టెస్టులో మార్కులు తగ్గితే పిల్లను సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి కొత్తవాళ్లు. ఒక ఆదివారం జ్వరమొస్తే సోమవారం స్నేహితులు వేరే గదిలో ఉంటారు. పదహారేళ్ల పిల్లకి అదెంత దెబ్బో నీకు తెలుసు. ఇది బిట్ల వల్లే సాధ్యమైందక్కా. రాత పేపర్లైతే వారం వారం దిద్ది ర్యాంకులివ్వడం ఎవరి తరమూ కాదు. మిషను దిద్దుతుంది కాబట్టే ప్రతి వారం పిల్లల్ని వరసలో నిలబెడుతున్నారు.

అక్క: దీన్ని నేను కాదననురా. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలిచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టొద్దు అన్నవి వాటిలో ఉన్నాయి. పదహారేళ్ల లోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం కూడా చెప్పింది. అయినా ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరుతో బోర్డులు కనిపిస్తూనే ఉన్నాయి. టెస్టు అన్నది పిల్లకి తన తప్పు తనకు చూపించడానికి. దాన్ని పిల్లల్ని విడగొట్టడానికి వాడటం నేరమనే నేనూ అంటాను. ఆ పని చేసేది బిట్టు కాదు, మనుషులు.

తమ్ముడు: సరే. పిల్ల నీ చేతుల్లో ఉందనుకో. ఏం చేయిస్తావు?

అక్క: మొదటి ఏడాది ఆప్షన్ల మీద చెయ్యి పెట్టి మూయిస్తాను. ప్రశ్న చదివి, రఫ్ వర్క్ కాగితం మీద జవాబు తెచ్చి, అప్పుడు చెయ్యి తియ్యాలి. నీ ఖాళీ కాగితం అక్కడే వచ్చేసింది. జవాబు ఆప్షన్లలో లేకపోతే, అదే ఆ రోజు పాఠం. ఒప్పు వచ్చినా సరే, మిగతా మూడు ఎవరు పొరబడితే వస్తాయో చెప్పమంటాను. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర ఉన్నప్పుడు త్వరణం సున్నా అన్న ఆప్షన్ ఎవరి కోసం పెట్టారు? వేగాన్నీ త్వరణాన్నీ ఒకటే అనుకున్నవాళ్ల కోసం. ఆ మాట తన నోటితో చెప్పగలిగిన పిల్ల ఆ తప్పు ఇక చేయదు.

తమ్ముడు: రోజుకి ఎన్ని?

అక్క: ఇరవై చాలు, ఇలా చేస్తే. తప్పు పోయినవి విడిగా ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కాలి, పక్కనే కారణంతో. తెలియక పోయిందా, తొందరలో పోయిందా, తెలుసనుకుని పోయిందా. మూడోదే ప్రమాదకరమైనది. వారం తర్వాత ఆ ప్రశ్న మళ్లీ చెయ్యాలి. ఇంకొకటి, చాప్టర్ వారీగా ఎప్పుడూ చేయించను. వృత్తాల చాప్టర్ చివర ముప్పై బిట్లుంటే ముప్పైకీ వృత్తాల సూత్రమే అని ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ సాయం ఉండదు. ఏ సూత్రం పట్టాలో ఎంచుకోవడమే అసలు కష్టం. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో దీన్నే చూశారు. లెక్కల్ని కలిపి చేసిన పిల్లలు ప్రాక్టీసులో వెనకబడ్డారు, వారం తర్వాతి టెస్టులో సుమారు మూడింతలు బాగా చేశారు. తల్లిదండ్రులు ప్రాక్టీసు రోజు మార్కులు చూసి కంగారు పడతారు. పడకూడదు.

తమ్ముడు: మరి ఆ నిమిషం లెక్క? గడియారం?

అక్క: రెండో ఏడాది దసరా తర్వాత. అర్థం కాకముందే వేగం పెడితే పిల్లలు నేర్చుకునేది తొందరే. అప్పుడు మాత్రం పూర్తి పేపర్లు, మూడు గంటలు కదలకుండా, కంప్యూటర్ ముందు. అక్కడ నీ మాట వినను. గుణకారం దగ్గరా సమాకలనం దగ్గరా తడుముకునే పిల్లకి ఆలోచించడానికి బుర్రలో చోటు మిగలదు. చేయి తిరగాలంటే లెక్కలు ఎక్కువే చెయ్యాలి.

తమ్ముడు: నువ్వు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. ఆదివారం నా దగ్గర ఒక్క లెక్క. ఆప్షన్లు ఉండవు, డేటా సగమే ఉంటుంది, సాయంత్రం దాకా టైము. రాకపోయినా ఫర్వాలేదు.

అక్క: కలుపు. కానీ పరీక్షల ముందు రెండు నెలలు ఆ ఆదివారాలు నాకు ఇచ్చెయ్యాలి.

తమ్ముడు: రెండు నెలలు ఇవ్వను, ఒక నెల ఇస్తాను. హాస్టల్ మాత్రం వద్దు. ఇంటి నుంచే వెళ్లొస్తుంది.

అక్క: హాస్టల్ వద్దన్నావు, సరే. బిట్లు వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకో.

తమ్ముడు: సగం తీసుకుంటున్నా.

ఆ మిగతా సగం మీద వాళ్ల వాదం ఇంకా సాగుతూనే ఉంది. ఈ వేసవిలో పిల్లను చేర్పించడానికి కాలేజీ మెట్లెక్కే తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటి. గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టకండి. రోజుకి ఎన్ని బిట్లు చేయిస్తారని కూడా అడగకండి. వారం టెస్టు అయిన మరునాడు క్లాసులో ఏం జరుగుతుందో అడగండి. తప్పు పోయిన ప్రశ్నల మీద లెక్చరర్ పిల్లలతో కూర్చుంటారా? మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా? ల్యాబ్ వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట మీ పిల్లను చేర్చకండి.